1788 నాటి నాటకశాల ఇప్పటికీ ఆడుతోంది, మన ఊళ్ళలో పాత హాళ్ళ సంగతేంటి?

టీస్_గట్టు

నేనుండేది ఇంగ్లండులో మిడిల్స్‌బ్రో. టీసైడ్ యూనివర్సిటీ పుణ్యమా అని ఇక్కడ ఏ బస్సెక్కినా ఎవరో ఒకరు తెలుగులో ఫోన్ మాట్లాడుతూ కనిపిస్తారు. కార్లో గంటలోపు వెళ్తే రిచ్మండ్ అని చిన్న ఊరు, నార్త్ యార్క్‌షైర్‌లో. పైన పాత కోట, కింద స్వేల్ నది, మధ్యలో రాళ్ళు పరిచిన సంతవీధి, అంతే. మన మండల కేంద్రమంత కూడా ఉండదు. ఆ ఊళ్ళో జార్జియన్ థియేటర్ రాయల్ అని ఒక నాటకశాల ఉంది. 1788లో శామ్యూల్ బట్లర్ అనే నటుడు కట్టించాడు, ఆయనే నాటక కంపెనీ యజమాని కూడా. ఇవాళ్టికీ అందులో నాటకాలు ఆడుతున్నారు.

బయట నుంచి చూస్తే ఏదో ధాన్యం కొట్టులాగా ఉంటుంది, బోర్డు చూడకపోతే దాటి వెళ్ళిపోతాం. లోపలికి వెళ్ళాక మాత్రం అక్కడే ఆగిపోయాను. అంతా చెక్కే. స్టేజి ముందు పల్లంగా బెంచీలు, మూడు వైపులా చిన్న చిన్న బాక్సులు, ఒక్కో బాక్సు మీద ఒక్కో నాటక రచయిత పేరు, సరిగ్గా ఎదురుగా నడిమధ్య ఉన్నదాని మీద షేక్స్పియర్. ఇప్పుడు కొద్దిమంది వస్తేనే కిక్కిరిసిపోతుంది, అప్పట్లో బెంచీల మీద ఇరుక్కుని ఇంతకు బాగా ఎక్కువమందే కూర్చునేవాళ్ళట. స్టేజి మీద నటుడు గొంతు తగ్గించి మాట్లాడినా గ్యాలరీ దాకా వినపడుతుంది, మైకు అక్కర్లేదు.

గ్యాలరీలో చౌక టికెట్టు వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక చెక్క పలక ఉంది. నాటకం నచ్చకపోతే దాన్ని బూటుకాళ్ళతో దబదబా తన్నేవాళ్ళట. నేను చేత్తో కొట్టి చూశాను, హాలంతా మోగింది. ఆ పలకను కూడా పీకి పారేయకుండా ఉంచారు చూడండి, అక్కడే నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది.

మా సొంతూరు గోదావరి జిల్లాల్లో. అక్కడా ఒక పాత నాటకాల హాలు ఉంది, తర్వాత టాకీసు అయింది, ఆ తర్వాత ఎరువుల గోడౌను అయింది, ఇప్పుడు తాళం వేసి ఉంది. దాన్ని నిలబెడదామని మా ఊరివాళ్ళం కొందరం అనుకుంటున్నాం. ఇలాంటిది ఎవరైనా దగ్గరుండి చూసినవాళ్ళుంటే చెప్పండి. మంచీ చెడూ రెండూ కావాలి.

నేలటికెట్టు

మంచి ఆలోచనే, కానీ ముందు ఒక మాట అడుగుతాను. ఆ స్థలం ఎవరిది? మా ఊళ్ళో టాకీసు మెయిన్ రోడ్డు మీద ఉండేది. కట్టించిన పెద్దాయన పోయాక వారసులు ఒక్కొక్కరు ఒక్కో ఊళ్ళో, అందరూ కలిసి సంతకం పెట్టేది అమ్మకానికి మాత్రమే. చివరికి షాపింగ్ కాంప్లెక్స్ వచ్చింది. గజం ధర చూశాక ఏ వారసుడూ నాటకాలకు ఇవ్వడు. ఇంగ్లండులో అంతకాలం అలా ఎలా ఉండనిచ్చారో నాకు అర్థం కావట్లేదు.

టీస్_గట్టు

నేలటికెట్టు గారూ, సరిగ్గా అదే ప్రశ్న నేనూ అక్కడి వాలంటీరు పెద్దావిడను అడిగాను. వాళ్ళకూ ఉండనివ్వలేదండీ. బట్లర్ కంపెనీ ఒక్క ఊళ్ళో ఉండేది కాదు, విట్బీ, రిపన్, హారోగేట్, కెండల్ ఇలా ఊరూరా తిరిగేది, ఏడాదిలో కొన్నాళ్ళే రిచ్మండ్. ఆయన తరం పోయాక ఆటలు తగ్గిపోయాయి. 1848లో పల్లంగా ఉన్న భాగాన్ని పలకలతో కప్పేసి కింద వైన్ నిల్వ చేసే నేలమాళిగలు, పైన వేలంపాటల గది చేశారు. తర్వాత ధాన్యం కొట్టు, ఫర్నిచర్ కొట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితాలు, చిత్తుసామాను పోగేసే చోటు అయింది.

నాకు తోచిందేంటంటే, దాన్ని కాపాడింది ఆ గోడౌను బతుకే. పెద్దగా లాభం లేని కొట్టు కాబట్టి ఎవరూ డబ్బు పెట్టి పడగొట్టి కొత్తది కట్టలేదు. బాగా నడిచిన నాటకశాలలేమో గ్యాస్ దీపాలు పెట్టి, కరెంటు పెట్టి, మళ్ళీ మళ్ళీ మార్చుకుంటూ వెళ్ళి పాత రూపు పోగొట్టుకున్నాయి. ఇది మాత్రం దుమ్ములో అలాగే ఉండిపోయింది. 1943లో ఆ ఊరికి పట్టణ హక్కులు వచ్చి 850 ఏళ్ళయిన సందర్భంగా సంబరాలు చేసుకుంటూ అదే కొట్టులో ఒక నాటకం ఆడారు. యుద్ధం మధ్యలో! అప్పుడు ఊళ్ళోవాళ్ళకు తమ దగ్గర ఏముందో తెలిసొచ్చింది. 1960లో ట్రస్టు పెట్టారు, చందాలు పోగేశారు, 1963లో తెర లేచింది. అంటే తెలిసొచ్చాక కూడా ఇరవై ఏళ్ళు పట్టింది.

గానుగ_సున్నం

నేను ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. పాత కట్టడాల మరమ్మతు మీద ఇష్టం. మీ హాలు గోడలు దేనివి? 1940లకు ముందుదైతే ఇటుక, సున్నం అయ్యుంటుంది. అలా అయితే దయచేసి సిమెంటు ముట్టుకోకండి. మన దగ్గర పాత హాళ్ళకు ఎక్కువ నష్టం చేసింది వాననీళ్ళు కాదు, మరమ్మతు పేరుతో వేసిన సిమెంటు పూత. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూసేస్తే ఆ చెమ్మకు బయటికి దారి ఉండదు, లోపల ఇటుకను తినేస్తుంది, ఉప్పు పైకి తేలుతుంది, రెండు మూడు వానాకాలాలకు పూత మొత్తం పెచ్చులుగా ఊడిపోతుంది. అప్పుడు అందరూ గోడ పాతబడిపోయింది, పడగొట్టేద్దాం అంటారు.

చేయాల్సిన పద్ధతి పాతదే. సున్నం నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి వాడటం. తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు కానీ లేకపోలేదు. పాత గుడుల మరమ్మతులు జరిగేచోట విచారించండి, దొరుకుతారు. ఆరడానికి టైము పడుతుంది, కాంట్రాక్టరు తొందరపెడితే ఒప్పుకోవద్దు.

పైకప్పు ఏంటి? టేకు దూలాల మీద మంగుళూరు పెంకులా, రేకులా?

టీస్_గట్టు

ముందు భాగం పెంకులే అండీ. టాకీసు చేసినప్పుడు వెనక సగం రేకులు వేశారు. గోడలు సున్నమే అని మా బాబాయి చెప్పారు, కానీ కింద నడుము ఎత్తుదాకా సిమెంటు పూత ఉంది.

గానుగ_సున్నం

ఆ నడుము ఎత్తు పూత ముందు తీయించండి. తీశాక వెంటనే ఏమీ పూయకుండా ఒక ఎండాకాలం గోడను ఆరనివ్వండి. రేకుల కింద నాటకం ఆడటం మాత్రం కష్టం, వాన పడితే ఒక్క ముక్క వినపడదు.

పద్యం_పిచ్చి

రేకుల సంగతి నన్నడగండి! తెనాలి పక్క ఊరు మాది. పద్యనాటకం అంటే ప్రాణం. ఒకసారి రేకుల షెడ్డులో కృష్ణరాయబారం సీను జరుగుతుండగా వాన దంచి కొట్టింది. హార్మోనియం వాయించేవాడు శ్రుతి పెంచుతున్నాడు, కృష్ణుడు మైకు మింగేలా పాడుతున్నాడు, మాకు వినపడేది వాన ఒక్కటే. అయినా ఎవరూ లేవలేదు, కుర్చీలు ముందుకు జరుపుకుని స్టేజి అంచుకు చేరి కూర్చున్నాం.

హాలు కట్టేవాళ్ళు మొదట చూడాల్సింది శబ్దం. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాల్లో. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు తెనాలి నాటక సమాజం రామవిలాస సభలో సత్యభామగా స్టేజి మీదికొస్తే చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళని మా తాతగారు చెప్పేవారు. ఆ రోజుల్లో మొదట మైకులెక్కడివి? గొంతు, హాలు రెండూ కలిసి పనిచేసేవి. ఇప్పుడు ఫంక్షన్ హాల్లో నాటకం పెడితే నున్నటి గోడలు, కింద గ్రానైటు, మాట తిరిగి తిరిగి కొడుతుంది, పద్యంలో సంయుక్తాక్షరాలన్నీ కలగాపులగం. స్పీకర్లు పెంచితే ఇంకా పాడవుతుంది. చెక్క స్టేజి, పెంకుల కప్పు, సున్నపు గోడ ఉన్న పాత హాల్లో ఒక్కసారి పద్యం వింటే తేడా చెవికే తెలుస్తుంది. టీస్_గట్టు గారూ, మీ హాల్లో చెక్క స్టేజి మిగిలి ఉంటే దాన్ని టైల్స్ చేయించకండి, మీకు దణ్ణం పెడతాను.

తెర_వెనక

అందరూ గోడల గురించే మాట్లాడుతున్నారు. నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మాది కడప జిల్లా. మా జిల్లాలోనే సురభి అనే పల్లె ఉంది, 1885లో అక్కడ ఒక పెళ్ళిలో కీచకవధ ఆడటంతో సురభి నాటక సమాజం మొదలైంది. వనారస గోవిందరావు గారి కుటుంబం. ఆ తర్వాత తరాల తరబడి ఊరూరా తిరిగారు, పిల్లలూ పెద్దలూ అందరూ నటులే. వేరే సమాజాల్లో మగవాళ్ళు ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభిలో ఆడవాళ్ళే స్టేజి ఎక్కారు. తెలుగు సినిమా తొలి నాయిక సురభి కమలాబాయి ఆ కుటుంబం నుంచి వచ్చినావిడే. వాళ్ళకు సొంత థియేటరు లేదు. రేకులూ, కర్రలూ, తెరలూ బళ్ళకెత్తుకుని వచ్చి ఊరి బయట తామే థియేటరు కట్టుకుని, నెలల తరబడి ఆడి, విప్పుకుని వెళ్ళేవారు.

మా అమ్మమ్మ చూసిన మాయాబజార్ ఇప్పటికీ చెబుతుంది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి వెళ్ళడం, రెండు బాణాలు గాల్లో ఢీకొని నిప్పురవ్వలు రాలడం. నేను పెద్దయ్యాక హైదరాబాదులో లలితకళాతోరణంలో చూసి, ఆట అయ్యాక అడిగి తెర వెనక్కి వెళ్ళాను. నల్లదారం, సన్న తీగ, పక్కన నిలబడి సరిగ్గా ఏ క్షణానికి లాగాలో తెలిసిన ఒక కుర్రాడు. వాడి చూపంతా వేదిక మీదే, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ముందు ప్రేక్షకుల్లో కూర్చున్నప్పుడు కలగని ఆశ్చర్యం నాకు అక్కడ కలిగింది.

పదుల సంఖ్యలో ఉండే సురభి సమాజాలు ఇవాళ వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 1990లలో కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్ళతో పనిచేశారు, 2013లో సురభి బాబ్జీ గారికి పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ మీరు లక్షలు పెట్టి గోడకు సున్నం కొట్టి, ఏడాదికి రెండు ఆటలు ఆడిస్తే ఎవరికి లాభం? ఆ డబ్బుతో నాలుగు సమాజాలను ఏడాదంతా ఊళ్ళు తిప్పొచ్చు కదా. నాటకం మనుషుల్లో ఉంటుంది.

నేలటికెట్టు

తెర_వెనక గారి మాటతో నేను ఏకీభవిస్తాను. హాలు నిలబెట్టాక దాన్ని నడిపేదెవరు?

గోదారి_రేవు

రెండూ వేరు వేరని నేననుకోను. 1880లో కన్నడ దేశం నుంచి ధార్వాడ నాటక సమాజం వాళ్ళు రాజమండ్రి వచ్చి పాక వేసుకుని ఆడి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక మిగిలిన ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో తెలుగు నాటకాలు వేయించారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే కదా మనం తెలుగు నాటకరంగ దినోత్సవం చేసుకుంటున్నాం. పంతులుగారికి రచన ఉంది, కుర్రాళ్ళున్నారు, పట్టుదల ఉంది. అయినా ఖాళీగా ఒక పాక కనపడింది కాబట్టి పని త్వరగా అయింది. ఒక చోటు అంటూ ఉంటే మనుషులు చేరతారు. సురభి వాళ్ళకైనా ఇప్పుడు ఊళ్ళల్లో డేరా వేయడానికి ఖాళీ స్థలం ఏదండీ? అన్నీ ప్లాట్లయిపోయాయి. ఇలాంటి హాలు ఊరికొకటి ఉంటే వాళ్ళు రేకులు మోసుకు తిరగక్కర్లేదు, తెరలు తెచ్చుకుంటే చాలు. ఇందాక టీస్_గట్టు గారు బట్లర్ కంపెనీ ఊరూరా తిరిగేదని రాశారు, అది కూడా ఇలాంటి ఏర్పాటే కదా.

తెర_వెనక

ఇది ఒప్పుకోవచ్చు. పది ఊళ్ళలో పది హాళ్ళు ఉండి, ఒకే సమాజం వరసగా అన్నిట్లో ఆడితే వాళ్ళకూ ఏడాది పొడవునా తిండి ఉంటుంది. కానీ ఒక షరతు. స్టేజి పైన తెరలు, తీగలు కట్టుకునే ఎత్తు ఉండాలి. సురభి తెరలు పెద్దవి, ఒకదాని వెనక ఒకటి దిగాలి. ఫాల్స్ సీలింగ్ వేశారంటే ఆ ఆట అక్కడ ఆడలేరు.

టీస్_గట్టు

తెరలంటే గుర్తొచ్చింది. రిచ్మండ్ మ్యూజియంలో ఒక అడవి సీను ఉంది. 1818, 1836 మధ్య వేసిన పెయింటింగు. బ్రిటన్‌లో మిగిలిన స్టేజి సీనరీల్లో అదే అన్నిటికంటే పాతదట. చెట్లు, కొమ్మలు, మధ్యలో దారి, దగ్గరగా వెళ్తే కుంచె గీతలు కనపడతాయి. మన సురభి వాళ్ళ అడవి తెర, దర్బారు తెర, వీధి తెర ఎన్ని తరాలవి ఉన్నాయో, వాటిని ఎవరైనా జాగ్రత్త చేస్తున్నారా? అడిగే నాథుడు లేక చిరిగిపోతుంటే బాధేస్తుంది.

ఆపరేటర్_బాబాయ్

నేను సినిమావాణ్ణి. జిల్లా కేంద్రానికి దూరంగా ఒక చిన్న ఊళ్ళో టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటరుగా సర్వీసంతా గడిపాను. ఈ చర్చలో టాకీసు అనగానే ఏదో నాటకాన్ని చెడగొట్టిన మాయదారిదన్నట్టు రాస్తున్నారు, అది న్యాయం కాదు. బెజవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావు గారు మారుతి సినిమా హాలు పెట్టినప్పటి నుంచి ఆంధ్రదేశంలో చిన్న ఊళ్ళను ఒకచోట కూర్చోబెట్టింది టాకీసే. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు ఉండేవి నిజమే, కానీ అందరికీ తెర ఒకటే. ఊళ్ళో గొడవపడి మాట్లాడుకోని వాళ్ళు కూడా ఇంటర్వెల్‌లో ఒకే సోడా బండి దగ్గర నిలబడేవాళ్ళు.

కార్బన్ కడ్డీలు వెలిగించి, రెండింటి మధ్య ఖాళీ కళ్ళతో చూసుకుంటూ కొద్దికొద్దిగా జరుపుతూ ఉండాలి, లేదంటే తెర మీద వెలుగు పసుపెక్కిపోతుంది. రీలు అయిపోయే ముందు మూలన చిన్న చుక్క పడుతుంది, అది చూసి రెండో ప్రొజెక్టరు అందుకోవాలి. ఒక్క సెకను ఆలస్యమైతే కింద నుంచి ఈలలు, కేకలు. ఇవన్నీ నేర్చుకున్న మనుషులం ఇంకా ఉన్నాం. డిజిటల్ వచ్చాక ఆ మిషన్ల అద్దెలు కట్టలేక చిన్న హాళ్ళు మూతపడ్డాయి. టీస్_గట్టు గారూ, మీ హాల్లో క్యాబిన్ ఉంటే కూలగొట్టకండి. పాత ప్రొజెక్టరు ఉంటే ఇనుప సామానుకు వేయకండి. నూనె వేసి తిప్పి చూపించండి, స్కూలు పిల్లలు నోరెళ్ళబెట్టి చూస్తారు. నెలకొక పాత సినిమా వేయండి, నాటకం రోజున నాటకం. రెండూ ఆ హాలు చరిత్రే కదా, ఒకటి ఉంచి ఒకటి తీసేస్తే సగమే నిలబెట్టినట్టు.

పద్యం_పిచ్చి

బాబాయ్ గారూ, మీరు చెప్పింది నచ్చింది. క్యాబిన్ ఉండనివ్వాలి. నా అభ్యంతరమల్లా తెర కోసం స్టేజి మీద ఇనుప ఫ్రేము శాశ్వతంగా బిగించేస్తారు, దానికే. పైకి చుట్టుకునే తెర పెడితే సరిపోతుంది.

కొండమీది_తెలుగు

బ్యాంకు ఉద్యోగంలో కొన్నాళ్ళు సిమ్లాలో ఉన్నాను. అక్కడి గెయిటీ థియేటరు గురించి చెప్తాను, ఎందుకంటే అది మన దేశంలోనే జరిగింది, “ఇంగ్లండు కాబట్టి కుదిరింది” అనేవాళ్ళకు సమాధానం అవుతుంది.

1887లో కట్టారు. రూపకర్త హెన్రీ ఇర్విన్, మన మద్రాసు హైకోర్టు భవనం మీద పనిచేసిన ఆయనే. పైన ఇంకా అంతస్తులుండేవి, బరువుకు ఆగలేక తర్వాత తీసేశారు. కె.ఎల్. సైగల్, పృథ్వీరాజ్ కపూర్ లాంటివాళ్ళు ఆడిన స్టేజి అది. పాడైపోయాక ప్రభుత్వం పూనుకుని కొన్నేళ్ళపాటు మరమ్మతు చేయించి 2009లో మళ్ళీ తెరిచింది. బాధ్యత తీసుకున్న ఆర్కిటెక్టు వేద్ సెగాన్, బొంబాయి పృథ్వీ థియేటరును రూపుదిద్దింది కూడా ఆయనే. అంటే నాటకం తెలిసిన మనిషి చేతిలో పెట్టారు. నాకైతే అన్నిటికంటే అదే ముఖ్యమనిపించింది. భవనాలు మాత్రమే తెలిసినవాళ్ళు చేస్తే చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ మేకప్ రూము నుంచి స్టేజికి వెళ్ళాలంటే ప్రేక్షకుల మధ్య నుంచి నడవాల్సొస్తుంది. ఇలాంటివి మన కొత్త కళాక్షేత్రాల్లోనే చూశాను.

ఇంకోటి, అక్కడ హాలు మాల్ రోడ్డు మీదే ఉంది, సాయంత్రం షికారుకొచ్చినవాళ్ళు ఇవాళ ఏముందో చూద్దామని లోపలికి తొంగిచూస్తారు. మీ హాలు ఊరి నడిబొడ్డున ఉంటే అదే పెద్ద ఆస్తి.

బళ్ళారి_వీధి

బళ్ళారి నుంచి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు మైసూరు వైపు ఉండిపోయింది గానీ ఇక్కడ తెలుగు నాటకానికి ఏ లోటూ లేదు. నాటక రచయితలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు, కోలాచలం శ్రీనివాసరావు గారు, నటుడు బళ్ళారి రాఘవ గారు, అందరూ ఇక్కడ తిరిగినవాళ్ళే. రాఘవ గారి పేరు మీద కళామందిరం ఉంది, అందులో తెలుగూ కన్నడమూ రెండు భాషల నాటకాలూ ఆడతారు. ఆయన వృత్తికి లాయరు, లండను వెళ్ళి ఇంగ్లీషు నాటక రచయిత బెర్నార్డ్ షాను కలిసొచ్చినవారు, ఆడ పాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినవారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీ కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది? వాళ్ళు రాని హాలు చిన్న ఊళ్ళో నడవదు. శుభ్రమైన బాత్‌రూములు, రాత్రి ఆట అయ్యాక బయట వెలుతురు, ఈ రెండూ లేకపోతే ఇంటి ఆడవాళ్ళు రారు, వాళ్ళు రాకపోతే పిల్లలు రారు. ఎస్టిమేటులో ఇవి మొదట రాయండి, రంగులు తర్వాత.

తెర_వెనక

ఇది వంద శాతం నిజం. నటీమణులకు కూడా. తలుపుకు గడియ సరిగ్గా పడని గ్రీన్‌రూముల్లో చీర మార్చుకోవాల్సి వచ్చిన వాళ్ళు నాకు తెలుసు. తెర వెనక గది, గడియ, అద్దం, ఫ్యాను, పక్కనే బాత్‌రూము. ఇవి ఇచ్చి చూడండి, ఏ సమాజమైనా మీ ఊరికి సంతోషంగా వస్తుంది.

నేలటికెట్టు

సరే, మొదటి ప్రశ్నకు మళ్ళీ వస్తున్నాను. స్థలం ఎవరిది, రోజువారీ ఖర్చు ఎలా?

టీస్_గట్టు

స్థలం ఇద్దరు అన్నదమ్ముల పిల్లలది. అమ్మే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు, రోడ్డుకు లోపలగా ఉంది కాబట్టి కొనేవాళ్ళూ పెద్దగా రాలేదు. దీర్ఘకాలం లీజుకు ఇవ్వడానికి పెద్దాయన సుముఖంగా ఉన్నారు.

ఖర్చు విషయంలో రిచ్మండ్‌లో చూసింది చెప్తాను. అక్కడ జీతాల మీద ఉండేవాళ్ళు కొద్దిమందే. టికెట్లు చింపేది, లోపల సీటు చూపించేది, పగలు హాలు చూడ్డానికొచ్చినవాళ్ళను తిప్పి కథ చెప్పేది, అంతా ఊరివాళ్ళే, ఉచితంగా. నన్ను తిప్పిన పెద్దావిడ రిటైర్డ్ టీచరు. పగటిపూట ఆ సందర్శకుల డబ్బూ వస్తుంది. క్రిస్మస్ ముందు నుంచి కొత్త సంవత్సరం దాకా పిల్లల కోసం పాంటోమైమ్ అని పాటలూ నవ్వులూ ఉన్న ఆట ఒకటి ఉంటుంది, ఊరంతా కుటుంబాలతో వస్తుంది. ఊరి ఔత్సాహిక బృందాలకూ, పిల్లల నాటక శిక్షణకూ అదే చోటు. బయటి నుంచి వచ్చే సంగీత కచేరీలు అదనం. 2003లో మళ్ళీ పెద్ద మరమ్మతు చేసి పక్కన కొత్త భాగం కలిపారు, టికెట్ ఆఫీసు, మెట్లు లాంటివన్నీ అందులో పెట్టి పాత హాలును చెడగొట్టకుండా వదిలేశారు. ఇంతచేసినా వాళ్ళు చందాలు అడుగుతూనే ఉంటారు, అడగడానికి మొహమాటపడరు.

మనకు సంక్రాంతి ఉంది, దసరా ఉంది, శివరాత్రి జాగారం ఉంది. శివరాత్రికి రాత్రంతా పద్యనాటకం పెడితే జనం రారంటారా?

గోదారి_రేవు

ఎందుకు రారు! శివరాత్రికి మా దగ్గర తెల్లవార్లూ నాటకమే. చదివింపులు చదివే మైకు ఆగితే చాలు, అదే జనాన్ని లేపేస్తుంది.

డబ్బు గురించి ఒక మాట. కమిటీని 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించి, ఆదాయపన్ను వాళ్ళ దగ్గర ధర్మసంస్థగా నమోదు, చందాలకు పన్ను మినహాయింపు అనుమతి తెచ్చుకోండి. చందా ఇచ్చేవాళ్ళకు పన్ను మినహాయింపు ఉంటే పెద్ద మొత్తాలు ఇస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్ళ చందాల విషయంలో మాత్రం ముందే ఆడిటరును అడగండి, విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, వేరే అనుమతి కావాలి. మీ మిడిల్స్‌బ్రో మిత్రుల్లో ఎవరి పాస్‌పోర్టు ఏదో చూసుకున్నాకే వాట్సాప్ గ్రూపులో అకౌంటు నంబరు పెట్టండి.

ఆపరేటర్_బాబాయ్

అగ్నిమాపక శాఖను మరచిపోవద్దు. పాత చెక్క, పాత వైరింగు, పైన తెరలు. ముందు వైరింగు మొత్తం మార్చండి. మా హాల్లో పక్క తలుపులు టికెట్టు లేకుండా దూరతారని బయట గొళ్ళెం వేసేవారు. నాకు ఆట నడుస్తున్నంతసేపూ టెన్షన్‌గానే ఉండేది. తలుపులు బయటికి తెరుచుకోవాలి, ఆట జరుగుతున్నంతసేపూ గొళ్ళెం తీసి ఉండాలి. ఇందులో బేరం లేదు.

తెర_వెనక

మొదట్లో అడ్డం మాట్లాడినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఈ పని నాకు ఇష్టంగానే ఉంది. ఒక సలహా. మరమ్మతు అంతా అయ్యేదాకా ఆగకండి. ఆ 1943 నాటకం లాగా, తాళం తీయించి, దుమ్ము దులిపి, హాలు ముందు ఆవరణలో చాపలు పరిచి ఒక ఆట ఆడించండి. ఆవరణలోనే, పైకప్పును ఇంజనీరుకు చూపించకుండా లోపల జనాన్ని కూర్చోబెట్టొద్దు. ఊళ్ళో ఎంతమంది వస్తారో, ఎవరు చెయ్యి వేస్తారో ఆ రాత్రి తెలుస్తుంది. హైదరాబాదులో శేరిలింగంపల్లి సురభి కాలనీలో నాకు తెలిసినవాళ్ళున్నారు, కావాలంటే మాట్లాడతాను.

టీస్_గట్టు

తెర_వెనక గారూ, మాట్లాడండి. నేను సంక్రాంతికి ఊరొస్తున్నాను, అప్పుడైతే అందరూ ఊళ్ళో ఉంటారు. మా బాబాయి తాళాలు తెప్పిస్తానన్నారు. గానుగ_సున్నం గారూ, వచ్చినప్పుడు మీకు ఫొటోలు ఏమేం తీసి పంపమంటారు?

గానుగ_సున్నం

దూలాలు గోడలోకి వెళ్ళే చోట, ప్రతి దూలానికీ రెండు కొసలూ. చెమ్మ చేరేది, చెదలు పట్టేది అక్కడే. చిన్న సుత్తితో తట్టండి, గట్టిగా మోగితే చేవ ఉన్నట్టు, డొల్లగా వినపడితే లోపల తినేసినట్టు. అలాంటి దూలాల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫొటో తీయండి. నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఒకరు పట్టుకోవాలి. స్టేజి కింద కూడా టార్చి వేసి చూడండి, పాములుంటాయి, ముందు కర్రతో చప్పుడు చేయండి.